ఫత్వా ఇచ్చే ముందు ఫైలు చదవండి

మన ఖాందాన్లలో కేన్సర్‌కు పేరుండదు. ‘వో బీమారీ’ అంటాం. అది ఆడవాళ్ళ చాతీకి వస్తే ఆ మాట కూడా అనం. గొంతు తగ్గించి ‘ఔరతోఁ కీ తక్లీఫ్’ అంటాం. మా నానీ ఆ తక్లీఫ్‌తోనే పోయింది. మా ఖాలా అదే తక్లీఫ్‌తో 41 ఏళ్ళకు పోయింది, ముగ్గురు పిల్లల్ని వదిలి. మా అమ్మీకి కడుపు ఉబ్బితే గ్యాస్ అన్నారు, సోడా తాగించారు. స్కాన్ తీసేనాటికి అండాశయాల కేన్సర్ పొట్టంతా పాకి ఉంది. మూడు జనాజాలకూ మొహల్లా మొత్తం కదిలి వచ్చింది. ఈ మూడు మరణాలకూ వేరు ఒకటేనేమో అన్న సవాల్ మాత్రం పెద్దల నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఇప్పుడు ఆ సవాల్ మా చెల్లెలు అడిగింది. 38 ఏళ్ళు. స్కూల్ టీచర్. ఇద్దరు పిల్లల తల్లి. రక్తపరీక్ష చేయించుకుంటే బ్రాకా-1 జన్యువులో లోపం ఉందని రిపోర్ట్ వచ్చింది. ఎనిమిది నెలలు చదివింది. ముగ్గురు డాక్టర్లను కలిసింది. ఇస్తిఖారా చేసింది. చివరికి అండాశయాలతో పాటు రెండు రొమ్ములూ తీయించుకోవాలని ఫైసలా చేసుకుంది. అంతే! అమ్మీ డోలాకు భుజం పట్టిన ఖాందాన్ మొత్తం రాత్రికి రాత్రి ముఫ్తీలైపోయింది. “అల్లా బనాయే సో బదన్ కో కాట్ లేతే క్యా?” అని ఒక మామూ. “తఖ్దీర్‌లో ఉంటే తప్పుతుందా” అని ఒక చాచా. “మియాఁ ఇజాజత్ ఇచ్చాడా?” అని ఒక ఫుప్పూ. “ఈ మాట బయటకు పొక్కితే మన ఆడపిల్లలకు రిష్తాలు ఎవరిస్తారు?” అని అందరూ.

ఆమె ఇజాజత్‌తోనే ఇది రాస్తున్నాను. మష్వరా ఇచ్చిన నలభై మందిలో ఆమె ఫైలు తెరిచి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే ముందు ఆ ఫైల్లో ఏముందో చెప్తాను. ఆ తర్వాత ఫత్వాల సంగతి.

బ్రాకా-1, బ్రాకా-2 అనే జన్యువులు మనందరి ఒంట్లో ఉన్నాయి. మర్దుల ఒంట్లో కూడా ఉన్నాయి. వాటిది రఫూగర్ పని. కణంలో డీఎన్‌ఏ పోగు తెగినప్పుడల్లా మళ్ళీ కలిపి కుట్టడంలో వాటి చెయ్యి ఉంటుంది. ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మీ నుంచి, ఒకటి అబ్బా నుంచి. అందులో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటే, రెండోది కూడా ఏదో ఒక కణంలో ఎప్పుడో ఒకప్పుడు పాడైతే, ఇక ఆ కణంలో రఫూ చేసేవాడు ఉండడు. చిరుగులు పెరుగుతాయి. అదే కేన్సర్‌కు దారి. రొమ్ము కేన్సర్ వంశంలో నడిచే జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ చూపించారు. 1994లో బ్రాకా-1ను, 1995లో బ్రాకా-2ను గుర్తించారు. అంటే ఇది నిన్న వాట్సాప్‌లో పుట్టిన కబురు కాదు. ముప్పై ఏళ్ళుగా డాక్టర్ల చేతిలో ఉన్న ఇల్మ్.

రొమ్ము కేన్సర్లన్నీ ఇలా వచ్చేవి కావు. నూటికి ఐదు నుంచి పది మాత్రమే వంశపారంపర్యం. కాబట్టి ఇది చదివి ప్రతి బహెన్ కంగారు పడాల్సిన పని లేదు. కానీ ఈ లోపం ఉన్నవాళ్ళ లెక్క వేరు. 2017లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం వేలాది మంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించింది. బ్రాకా-1 లోపం ఉన్న వందమందిలో 80 ఏళ్ళు వచ్చేలోపు దాదాపు 72 మందికి రొమ్ము కేన్సర్, 44 మందికి అండాశయ కేన్సర్ వస్తాయని తేల్చింది. బ్రాకా-2 అయితే రొమ్ముకు 69, అండాశయాలకు 17. ఈ అంకెలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాల నుంచి వచ్చినవి. మన దగ్గర కొంచెం అటూ ఇటూ కావచ్చు. కానీ మా ఇంట్లో ఒకే వరసలో మూడు ఖబర్లు ఉన్నాయి. మాకు అంకెలు ఎవరూ అమెరికా నుంచి తెచ్చి చూపించనక్కర్లేదు.

ఇక ఇలాజ్. దారి ఒక్కటే లేదు. ఈ మాట నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే ఆపరేషన్‌ను వ్యతిరేకించేవాళ్ళే కాదు, దాన్ని అమ్ముకునేవాళ్ళు కూడా ఈ మాట దాస్తున్నారు. మొదటి దారి నిఘా. 25 ఏళ్ళ నుంచి ఏటా రొమ్ముల ఎంఆర్‌ఐ, 30 దాటాక దానితో పాటు మామోగ్రామ్. ఇది కేన్సర్‌ను ఆపదు. వస్తే చిన్నగా ఉన్నప్పుడే పట్టిస్తుంది. రెండో దారి ముప్పును కొంత తగ్గించే మందులు. మూడోది రొమ్ముల ఆపరేషన్. అది ముప్పును 90 శాతం, అంతకంటే ఎక్కువ కూడా తగ్గిస్తుంది. పూర్తిగా సున్నా చేయదు, ఎందుకంటే ఎంత తీసినా కొంత కణజాలం చర్మం కింద మిగులుతుంది.

అండాశయాల సంగతి వేరు. వాటి కేన్సర్‌ను తొలిదశలో నమ్మకంగా పట్టే పరీక్ష ఇప్పటికీ లేదు. అందుకే బ్రాకా-1 ఉన్న స్త్రీలకు పిల్లలు చాలనుకున్నాక, 35 నుంచి 40 ఏళ్ళ మధ్య అండాశయాలు, వాటి నాళాలు తీయించుకోమని డాక్టర్లు సలహా ఇస్తారు. బ్రాకా-2 అయితే ఇంకొన్నేళ్ళు ఆగొచ్చు. రొమ్ముల విషయంలో మాత్రం ‘ఇదొక్కటే మార్గం’ అని నిజాయితీ ఉన్న ఏ డాక్టరూ అనడు. శ్రద్ధగా ఏటా ఎంఆర్‌ఐ చేయించుకునే స్త్రీకీ, ఆపరేషన్ చేయించుకున్న స్త్రీకీ ఆయుష్షులో ఎంత తేడా ఉంటుందన్నది అండాశయాల విషయంలో ఉన్నంత స్పష్టంగా లేదు.

ఖర్చు డబ్బు ఒక్కటే కాదు. చాతీ మీద స్పర్శ చాలా వరకు పోతుంది. ఇక బిడ్డకు పాలివ్వడం ఉండదు. మళ్ళీ ఆకారం కట్టించుకోవాలంటే ఒకటికి రెండు ఆపరేషన్లు పట్టవచ్చు. ఇన్‌ఫెక్షన్లు రావచ్చు. అండాశయాలు తీస్తే 38 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుంది. ఒళ్ళు సెగలు కక్కుతుంది, నిద్ర పట్టదు, ఎముకలు పలచబడతాయి. మా చెల్లెలు ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రెండు వైపులా రాసుకుంది. ఒకవైపు పోయేవి, ఒకవైపు మిగిలేవి. మన పెద్దలు ఏ ఫైసలాకైనా ఇంత కష్టపడ్డారా?

ఇప్పుడు మొదటి ఏతరాజ్‌కు వస్తాను. “అల్లాహ్ చేసిన రూపాన్ని మార్చడం హరామ్.” నేను ఆలిమ్‌ను కాను. కానీ పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివాను, దీనియాత్ పాఠాలు మరిచిపోలేదు. రూపం మార్చడం గురించి వచ్చిన హెచ్చరికలు పచ్చబొట్లు పొడిపించుకునేవాళ్ళ గురించి, అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునేవాళ్ళ గురించి. సింగారానికి చేసేది వేరు, ఇలాజ్ కోసం చేసేది వేరు అని ఉలమాలు మొదటి నుంచీ విడదీసే చెప్పారు. అర్ఫజా అనే సహాబీకి యుద్ధంలో ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది వాసన వేసింది. అప్పుడు రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఆయన్ని బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. మర్దులకు బంగారం మనాయీ అని మనకందరికీ తెలుసు. అయినా ఒక మనిషి నలుగురిలో ముఖం చూపించుకోవడానికి ఆ బంగారం జాయజ్ అయింది. ఆపరేషన్ తర్వాత చాతీకి ఆకారం కట్టించుకోవడాన్ని ‘ఫ్యాషన్’ అని ఎగతాళి చేసిన మామూకు ఈ రివాయత్ ఒకసారి చదివి వినిపించండి.

“అర్ఫజా ముక్కు తెగింది, ఈమె రొమ్ము బాగానే ఉంది కదా” అని ఒక చదువుకున్న భాయి అడిగారు. మంచి సవాల్. దీనికి జవాబివ్వాల్సిందే. హజ్‌కు వెళ్ళే ప్రతి హాజీ మెనింజైటిస్ టీకా వేయించుకుంటాడు. అది లేకుండా సౌదీ హుకూమత్ రానివ్వదు. ఆ రోజు ఆ హాజీకి జబ్బు లేదు. ఒళ్ళు శుభ్రంగా ఉంది. అయినా సూది గుచ్చి మందు ఎక్కిస్తారు, రాబోయే నష్టాన్ని ఆపడానికి. దాన్ని ఎవరూ తవక్కుల్‌కు ఖిలాఫ్ అనలేదు. అంటే రాని జబ్బుకు ముందే ఇలాజ్ చేసుకోవచ్చన్న ఉసూల్ మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. తేడా ఎక్కడుంది? సూది పోటు రేపటికి మానుతుంది, కోసేసిన అవయవం తిరిగి రాదు. నిజమే. అందుకే ముప్పు కూడా ఆ స్థాయిలో ఉండాలి. వందలో ఇద్దరికో ముగ్గురికో వచ్చే జబ్బుకు రొమ్ము కోయించుకుంటే అది వహమ్. వందలో 72 అంటే వహమ్ కాదు. ఫిఖ్‌లో దాన్ని గాలిబ్ గుమాన్ అంటారు, అంటే బలంగా మొగ్గే అంచనా. షరీఅత్‌లో ఎన్నో అహ్కామ్ దాని మీదే నిలబడి ఉన్నాయి.

రెండోది తఖ్దీర్. ఈ మాట వినగానే నాకు షామ్ దారిలోని సర్గ్ గుర్తొస్తుంది. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు లష్కర్‌తో వెళ్తుంటే షామ్‌లో తాఊన్ వ్యాపించిందని ఖబర్ వచ్చింది. ఆయన ఏం చేశారు? ముహాజిర్లను పిలిచి అడిగారు. అన్సార్లను అడిగారు. ఖురైష్ పెద్దలను అడిగారు. ఆ తర్వాత వెనక్కి తిరిగారు. ఇది తఖ్దీర్ నుంచి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా నిలదీస్తే, వెనక్కి తిరగడం కూడా అల్లాహ్ తఖ్దీర్‌లోదేనన్న అర్థంలో జవాబిచ్చారు. అబూ ఉబైదా మాత్రం షామ్‌లో తన మనుషుల దగ్గరే ఉండిపోయారు. ఆ తాఊన్‌లోనే వఫాత్ అయ్యారు. చెప్పండి, ఈ ఇద్దరిలో ఎవరి ఈమాన్ తక్కువ? పద్నాలుగు వందల ఏళ్ళుగా ఉమ్మత్ ఇద్దరి పేర్లూ ఒకే ఇజ్జత్‌తో తలుచుకుంటోంది. మరి మా చెల్లెలు వెనక్కి తిరిగితే ఆమె ఈమాన్‌ను త్రాసులో పెట్టడానికి మీరెవరు?

మా ఖాలా కూతురి మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆమెకూ అదే లోపం ఉంది. వయసు 29. నికాహ్ అయి రెండేళ్ళు. ఆమె ఆపరేషన్ వద్దనుకుంది. పిల్లలు కావాలి, పాలివ్వాలి, అప్పటిదాకా ఏటా ఎంఆర్‌ఐ చేయించుకుంటానంది. అండాశయాల మాట పిల్లలయ్యాక చూస్తానంది. అది కూడా ఇల్మ్‌తో తీసుకున్న ఫైసలానే. మరి ఆమెకు షాబాషీ దక్కిందా? లేదు. మా చెల్లెల్ని “కాఫిరోఁ కా ఫ్యాషన్” అన్న నోళ్ళే ఈమెను “అమ్మ పోయింది చూసి కూడా బుద్ధి రాలేదు” అన్నాయి. దీన్ని బట్టి నాకు అర్థమైంది ఒకటే. వీళ్ళకు ఆపరేషన్‌తో పేచీ లేదు. ఆడది తన ఒంటి గురించి తానే ఫైసలా చేసుకోవడంతోనే పేచీ.

మూడోది మియాఁ ఇజాజత్. మొగుడూ పెళ్ళాలు కూర్చుని మాట్లాడుకోవాలి, ఇందులో రెండో మాట లేదు. నికాహ్ అంటేనే ఒకరికొకరు లిబాస్ కావడం. మష్వరా అతని హక్. కానీ మష్వరా వేరు, వీటో వేరు. ఈ దేశపు కానూన్ ఏమంటుందో కూడా తెలుసుకోండి. స్పృహలో, తెలివిలో ఉన్న వయోజనురాలి ఆపరేషన్‌కు ఆమె రజామందీ కావాలి. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది. మత్తులో ఉన్న ఒక స్త్రీకి ఆమె తల్లి ఒప్పుకుందన్న ఆధారంతో గర్భసంచీ, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన ఎమర్జెన్సీ కాదు కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదని, ఆమె మేలుకున్నాక ఆమెనే అడగాల్సిందని కోర్టు చెప్పింది. కన్నతల్లి మాటే చెల్లనప్పుడు, మియాఁ మాటా సాస్ మాటా ఎలా చెల్లుతాయి? సంతకం చేయాల్సిన చెయ్యి ఆమెది. చెయ్యనని వెనక్కి తీసుకునే హక్ కూడా ఆ చేతిదే.

ఇక నాలుగోది, అసలైనది. రిష్తాలు. మిగతా మూడూ దీన్ పేరుతో కప్పుకున్న దుప్పట్లు. కింద ఉన్న భయం ఇదే. “ఇంట్లో ఈ బీమారీ ఉందని తెలిస్తే మన బచ్చీలను ఎవరు చేసుకుంటారు?” నిజం దాస్తే జన్యువు మాయమవుతుందా? మీరు నోరు మూసుకున్నంత మాత్రాన అది మనవరాలి దాకా నడవకుండా ఆగుతుందా? నానీ పోయినప్పుడే ‘రొమ్ము కేన్సర్’ అని ఇంట్లో నోరు తెరిచి అని ఉంటే, ఖాలా రొమ్ములో గడ్డ తగిలిన రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళేది. ఆమె ఏడాది పాటు తావీజ్ కట్టుకుని తిరిగింది. ఈ పరీక్షను వీలైతే కేన్సర్ వచ్చిన మనిషికే మొదట చేయాలంటారు. ఆ లోపం ఏదో అక్కడ దొరికితే మిగతావాళ్ళలో వెతకడం తేలిక. మా ఇంట్లో ఆ అవకాశం మిగల్లేదు. ముగ్గురూ ఖబరస్తాన్‌లో ఉన్నారు. ఇజ్జత్ కాపాడుకున్నాం అనుకున్నది దీన్నే.

ఖాందాన్ లోపలే రిష్తాలు చేసుకునే మనకు ఇంకో మాట కూడా తెలియాలి. మామూ కూతుర్ని చేసుకోవడం వల్ల ఈ లోపం పుట్టదు. కానీ ఒకే నానా వంశంలో అది నడుస్తుంటే, ఆ వంశంలోని ఇద్దరికీ ఉండే అవకాశం పెరుగుతుంది. భార్యాభర్తలిద్దరిలోనూ బ్రాకా-2 లోపం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశంతో ఫాంకోనీ ఎనీమియా అనే జబ్బు రావచ్చు. రక్తం తయారయ్యే మూలుగే దెబ్బతింటుంది, చిన్న వయసులోనే కేన్సర్లు వస్తాయి. చెప్పండి, రిష్తా మాట్లాడే ముందు ఈ విషయం దాచడం ఇజ్జతా, ఖియానతా?

ఇప్పుడు మర్దులతో ఒక మాట. “ఇది ఆడవాళ్ళ బీమారీ, మాకేంటి సంబంధం?” అని మా ఇంటి మగవాళ్ళు పరీక్షకు రాలేదు. ఈ లోపం తల్లి నుంచి ఎంత వస్తుందో తండ్రి నుంచీ అంతే వస్తుంది. సరిగ్గా సగానికి సగం. కొడుకైనా కూతురైనా నాణెం ఎగరేసినట్టే. మర్దుకు ఈ లోపం ఉంటే, ముఖ్యంగా బ్రాకా-2లో, ప్రోస్టేట్ కేన్సర్ ముప్పు పెరుగుతుంది. మగవాళ్ళకూ రొమ్ము కేన్సర్ వస్తుంది. బ్రాకా-2 ఉన్న వంద మంది మగవాళ్ళలో జీవితకాలంలో దాదాపు ఏడుగురికి. అన్నిటికంటే ముఖ్యం, తనకు ఏ జబ్బూ రాకుండానే అతను దాన్ని కూతురి చేతిలో పెట్టి పోవచ్చు.

నేను పరీక్ష చేయించుకున్నాను. నాకూ ఉంది. నా కూతురికి 14 ఏళ్ళు. పెద్దయ్యాక వచ్చే ముప్పు కాబట్టి ఇప్పుడే ఆమెకు పరీక్ష చేయకూడదు. పెద్దదయ్యాక చేయించుకోవాలో వద్దో తానే తేల్చుకుంటుంది. అప్పటిదాకా నా పని ఒక్కటే. ఆమె నాయనమ్మ దేనితో పోయిందో, నాయనమ్మ చెల్లెలు దేనితో పోయిందో పేరు పెట్టి చెప్పడం. చాతీ అనే మాట బాప్ నోట వినడానికి ఆమె సిగ్గుపడలేదు. సిగ్గంతా నా ఈడు మగవాళ్ళదే.

ఎదుటి పక్షాన్నీ వదిలిపెట్టను. ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో మా చెల్లెలికి పది నిమిషాల్లో తీర్పు చెప్పారు. “తీసేయించుకోండి మేడం, టెన్షన్ ఉండదు. ఏంజెలీనా జోలీ కూడా చేయించుకుంది.” జోలీ 2013 మేలో న్యూయార్క్ టైమ్స్‌లో తన ఆపరేషన్ గురించి రాసింది నిజమే. ఆమె తల్లి 56 ఏళ్ళకు కేన్సర్‌తో పోయింది. తన రొమ్ము కేన్సర్ ముప్పు 87 శాతమని డాక్టర్లు చెప్పారని రాసింది. 2015లో అండాశయాలూ తీయించుకుంది. ఆమె రాయడం వల్ల ప్రపంచంలో ఎందరో ఆడవాళ్ళు ఈ పరీక్ష పేరు మొదటిసారి విన్నారు, షుక్రియా. కానీ అది ఆమె జిస్మ్, ఆమె ఫైసలా, ఆమె దగ్గరున్న సదుపాయాలు. ప్యాకేజీ అమ్మడానికి బ్రోచర్‌లో వేసుకునే దలీల్ కాదు.

ఇంకో జుల్మ్ కూడా జరుగుతోంది. రిపోర్టుల్లో కొన్నిసార్లు ‘అర్థం తేలని మార్పు’ అని వస్తుంది. జన్యువులో ఏదో తేడా ఉంది, అది హాని చేసేదో కాదో ఇంకా తెలియదు అని దానర్థం. మనలాంటి జనాభాల మీద అధ్యయనాలు తక్కువ కాబట్టి మనకు అలాంటి రిపోర్టులు ఎక్కువగా వస్తాయి. దాన్ని చూపించి ఎవరైనా రొమ్ము కోయించుకోమంటే లేచి బయటకు వచ్చేయండి. అది హానికరమైన లోపం అని తేలితేనే ఆపరేషన్ మాట. పరీక్షకు ముందూ తర్వాతా జెనెటిక్ కౌన్సెలింగ్ అడగండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రిలో దీనికోసం మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది. లేడీ డాక్టర్ కావాలంటే నోరు తెరిచి అడగండి, అది మీ హక్. కానీ లేడీ డాక్టర్ దొరకలేదన్న బహానాతో గడ్డను ఇంట్లో పెంచుకోకండి.

ఖర్చు సంగతి ఎత్తిన చాచాకు కూడా జవాబు ఉంది. మన ఇళ్ళలో జోడే కీ రఖమ్‌కు డబ్బుంటుంది. ఫంక్షన్ హాల్‌కు ఉంటుంది. వలీమాలో మూడు రకాల మీఠాకు ఉంటుంది. బిడ్డ ప్రాణం ఎటు మొగ్గుతుందో చెప్పే రక్తపరీక్షకు మాత్రం ఉండదు. నిజంగా లేని ఇళ్ళున్నాయి, తెలుసు. వాళ్ళ కోసమే జమాత్‌లు ఉన్నాయి, బైతుల్‌మాల్‌లు ఉన్నాయి. మస్జిద్ మినార్‌కు రెండోసారి రంగు వేయించే ముందు మొహల్లాలో ఎవరి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు చిన్న వయసులో రొమ్ము కేన్సర్‌తో పోయారో కనుక్కోండి. వాళ్ళ కూతుళ్ళ పరీక్షకు చందా వేయండి. జుమా ఖుత్బాలో ఐదు నిమిషాలు ఈ మాట చెప్పండి, మౌలానా సాబ్. మీరు చెప్తే మా మామూలు, చాచాలు వింటారు. నేను చెప్తే ‘అఖ్బార్‌వాలా’ అంటారు.

ఎవరికి పరీక్ష అవసరమో గుర్తుపట్టడం కష్టం కాదు. ఇంట్లో ఎవరికైనా 50 ఏళ్ళలోపు రొమ్ము కేన్సర్ వచ్చిందా? ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి వచ్చిందా? ఎవరికైనా అండాశయ కేన్సర్ వచ్చిందా? ఒకే మనిషికి రెండు రొమ్ముల్లోనూ వచ్చిందా? మగవాళ్ళలో ఎవరికైనా రొమ్ము కేన్సర్ వచ్చిందా? అమ్మీ వైపు ఎంత చూస్తారో అబ్బా వైపూ అంతే చూడండి. వీటిలో ఒక్కదానికి ‘హౌ’ అన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళి అడగాల్సిందే. నికాహ్‌నామాలను బీరువాలో భద్రంగా పెట్టుకునే మనం, ఎవరు ఏ జబ్బుతో ఎన్నేళ్ళకు పోయారో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోలేమా? అది పిల్లలకు మనమిచ్చే వారసత్వమే. పొలం పట్టాకంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆపరేషన్ ఫర్జ్ అని నేను అనడం లేదు. చేయించుకోని ఆడది తెలివితక్కువది కాదు. చేయించుకున్న ఆడది బే-ఈమాన్ కాదు. ఇల్మ్ ఆమె ముందు పెట్టండి, సమయం ఇవ్వండి, దువా చేయండి, పక్కకు జరగండి. ఒళ్ళు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మీరే అంటారు. ఆ అమానత్ ఆమె చేతికి ఇచ్చాడు. దాన్ని ఎలా కాపాడావని రేపు అడిగేదీ ఆమెనే.

మా చెల్లెలి ఆపరేషన్ రమజాన్ అయ్యాక. ఆ తర్వాత నెలా నెలన్నర పాటు ఆమె బరువులు ఎత్తకూడదు, చేతులు పైకి చాచి పని చేయకూడదు. ఇద్దరు పిల్లలకు పొద్దున్నే టిఫిన్లు కట్టాలి. కుట్ల దగ్గర ట్యూబులతో ఇంటికి పంపుతారు, వాటిలో చేరే నీరు కొలిచి రోజూ రాయాలి. డ్రెస్సింగ్‌కు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, తీసుకురావాలి. మష్వరా ఇచ్చినవాళ్ళం నలభై మందిమి ఉన్నాం. వంతులు వేసుకుందాం. మొదటి వారం నాది. రెండో వారానికి పేరు ఎవరిస్తారు?